యుఫోర్బియా ఆకులు రాలుస్తుంటే ముందు కాండం నొక్కి చూడండి

మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ ముళ్ళ మొక్క (యుఫోర్బియా మిలీ) మన మేడల మీద ఏడాది పొడవునా పచ్చగా నిలుస్తుంది. ఎండ దీన్ని చంపడం అరుదు. చంపేది నీళ్ళే.

సమస్య: ఆకులు పసుపుపడి రాలుతున్నాయి

నీళ్ళు చాలకపోయినా, ఎక్కువైనా కనిపించేది ఇదే. అందుకే వెంటనే మగ్గు అందుకోకండి. ముళ్ళు తప్పించి, మొదలు దగ్గర కాండం నొక్కండి.

గట్టిగా ఉండి, మట్టి లోపలిదాకా ఎండి ఉంటే దాహమే. మే ఎండల్లో నీరు కాపాడుకోవడానికి మొక్క తనే ఆకులు వదిలేస్తుంది. కుండీ అడుగు నుంచి కారేదాకా ఒకసారి నిండుగా పోస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఆ తర్వాత పై రెండంగుళాల మట్టి ఆరాకే నీళ్ళు.

మెత్తగా, గోధుమ రంగులో ఉంటే వేరుకుళ్ళు. వానాకాలంలో మొక్కలు పోయేది ఎక్కువగా దీనివల్లే. వేళ్ళ చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద, కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు ఇందుకు కారణం. మొక్కను పీకి, మెత్తబడ్డ భాగం కోసేయండి. కోత లోపల శుభ్రంగా కనిపించేదాకా పైపైకి కోస్తూ పోవాలి, గోధుమ చార మిగిలితే కుళ్ళు మళ్ళీ పాకుతుంది. కోసేటప్పుడు కారే పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే ప్రమాదం. చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మొదలంతా పోయినా, పైన గట్టిగా ఉన్న 4-5 అంగుళాల కొమ్మ చాలు. కోసిన చివర నీళ్ళలో ముంచితే పాలు ఆగుతాయి. నీడలో 4-5 రోజులు ఆరబెట్టండి. పచ్చి కోత నాటితే అదీ కుళ్ళుతుంది. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు ముతక ఇసుక, అర వంతు వర్మీకంపోస్టు కలిపి నాటి, వారం తర్వాత కొద్దిగా తడపండి. వేరు పట్టడానికి నెల పైనే పడుతుంది, లాగి చూడకండి.

సమస్య: ఏపుగా ఉంది, పూలు లేవు

ఎండ తక్కువ, లేదా యూరియా ఎక్కువ. రోజుకు 5-6 గంటలు నేరుగా ఎండ పడేచోటికి మార్చి, యూరియా ఆపేయండి.

సమస్య: ముళ్ళ సందుల్లో తెల్లటి దూది

పిండినల్లి. చీమలు తిరుగుతుంటే తప్పకుండా వెతకండి. లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేసి, వారానికి మళ్ళీ కొట్టాలి. ముందు రెండు ఆకుల మీద చల్లి, మాడలేదని చూసుకోండి.

సమస్య: చలికాలంలో ఆకులపై బూడిద

బూడిద తెగులు. పట్టిన ఆకులు తుంచి, గుబురును పలుచన చేసి గాలి ఆడనివ్వండి. తగ్గకపోతే నీటిలో కలిసే గంధకం లీటరుకు 2-3 గ్రాములు. ఎండ ముదిరిన రోజున మాత్రం వద్దు, ఆకులు కాలిపోతాయి.