గోల్డ్‌ఫిష్ తొట్టిలో మందు వేసే ముందు

చేప మూలన చేరి రెక్కలు ముడుచుకుని కూర్చుందంటే చెయ్యి నేరుగా మందు సీసా మీదికే పోతుంది. ఓ అరగంట ఆగండి. ఇంటి తొట్టిలో గోల్డ్‌ఫిష్‌కు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం నీళ్లలోనే ఉంటుంది. చెడిన నీళ్లతో అప్పటికే నీరసించిన చేపకు మందు కూడా తోడైతే అది రెండో దెబ్బ.

కాబట్టి మొదటి పరీక్ష చేపకు కాదు, నీళ్లకు. చేప వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా, అది మారి అయ్యే నైట్రైట్, నైట్రేట్, నీళ్ల ఆమ్ల క్షార గుణం చెప్పే పీహెచ్ నాలుగూ చూడాలి. కాగితం పట్టీల కన్నా చుక్కలు వేసి రంగు పోల్చుకునే కిట్ నమ్మదగింది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. అమ్మోనియా అంకెను ఒంటరిగా చదవకండి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో చేపను చంపే వాటా దాదాపు పదింతలవుతుంది. అంటే కిట్‌లో అదే 0.5 కనబడినా ఒక తొట్టిలో చేప తట్టుకుంటుంది, ఇంకో తొట్టిలో మొప్పలు కాలిపోతాయి.

అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనబడితే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే ద్రావణం కలిపి ఉండాలి, వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించకూడదు. నైట్రైట్ ఉంటే లీటరుకు 1 గ్రాము ఉప్పు కూడా వేయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు దారి ఇవ్వదు. రోజూ పరీక్షించి, అవసరమైతే మళ్లీ మార్చండి. పైకొచ్చి గుటకలు వేయడం, తోకలో ఎర్రటి గీతలు, ముడిచిన రెక్కలు చాలాసార్లు ఇంతటితోనే తగ్గుముఖం పడతాయి. ఆ తర్వాత ఒంటి మీద నల్లమచ్చలు తేలితే కంగారు వద్దు, కాలిన చోటు మానేటప్పుడు గోల్డ్‌ఫిష్‌కు అలా నలుపెక్కడం మామూలే.

ఇక్కడో మెలిక ఉంది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ దిగిపోయి ఉంటుంది. ఆ నీళ్లలో అమ్మోనియా ఎంత పేరుకున్నా దాదాపు అంతా కోరలు తీసిన పాములా పడి ఉంటుంది. ఒక్కసారిగా సగం మార్చి పీహెచ్ పెంచితే అదంతా విషంగా లేస్తుంది. "నీళ్లు మార్చిన గంటకే చచ్చిపోయింది" అనే మాట వెనక చాలాసార్లు జరిగేది ఇదే. అలాంటి తొట్టిలో రోజుకు పదో పదిహేనో శాతం చొప్పున వారం పది రోజుల్లో మార్చుకుంటూ రండి.

నీళ్లు బాగున్నాయని తేలాకే చేపను చూడాలి. మేత వేయకముందు, టార్చి పక్క నుంచి వేసి, పది నిమిషాలు కదలకుండా చూడండి. తెల్లచుక్కలు కనబడగానే వైట్ స్పాట్ (చర్మంలో దూరే ఓ సూక్ష్మజీవి తెచ్చే జబ్బు) అనేసుకోవద్దు. మగ గోల్డ్‌ఫిష్‌కు జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచు వెంబడి గట్టి తెల్ల బుడిపెలు వస్తాయి. అవి వరుసగా ఉంటాయి; తోకకూ ఒంటికీ చుక్కలు పాకవు, చేప హుషారుగానే తిరుగుతుంది. దానికి మందు అక్కర్లేదు. అసలు వైట్ స్పాట్ ఉప్పు రవ్వ చల్లినట్టు తోక, రెక్కలు, ఒళ్లు ఎక్కడపడితే అక్కడ తేలుతుంది, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది.

దూదిలా కనబడేవి కూడా రెండు రకాలు. గాయం మీద పోగులు పోగులుగా పైకి లేచి ఊగుతుంటే బూజు. నోటి చుట్టూ గానీ వీపు మీద జీను వేసినట్టు గానీ, బూడిదరంగులోనో పసుపుగానో చదునుగా పరుచుకుని రోజుల్లోనే పాకేది కాలమ్నారిస్ అనే బాక్టీరియా. వైట్ స్పాట్‌కు పనికొస్తుందని నీళ్లు వేడి చేస్తే ఈ బాక్టీరియా ఇంకా రెచ్చిపోతుంది. పేరు తప్పు పెట్టుకుంటే వైద్యమే చేపను చంపేది ఇలాంటి చోటే.

ఏ మచ్చా లేకుండా రుద్దుకుంటూ, ఒక మొప్ప మూసి రెండోదాంతోనే ఊపిరి తీస్తుంటే చర్మానికీ మొప్పలకూ పట్టే కంటికి కనబడని ఫ్లూక్ పురుగులని అనుమానించండి. ఖాయంగా తెలియాలంటే మైక్రోస్కోపే దారి. వాటికి ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు పనిచేస్తుంది గానీ మొప్ప ఫ్లూక్ గుడ్లను చంపదు, అందుకే వారం పది రోజులకు రెండో విడత తప్పదు. గుండ్రటి ఒళ్లున్న రకం తలకిందులుగా తేలుతుంటే ముందు రెండు మూడు రోజులు పస్తు ఉంచండి, తర్వాత మునిగే మేతను నానబెట్టి కొద్దిగా వేయండి. యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టకండి. పై నుంచి చూస్తే పొలుసులు నిక్కపొడుచుకుని ఒళ్లు ఉబ్బి ఉంటే డ్రాప్సీ. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉండొచ్చు, కోలుకునేవి తక్కువ. దాన్ని విడిగా పెట్టి చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి. మనుషులకు రాసిన యాంటీబయాటిక్ మాత్రలు పొడిచేసి తొట్టిలో కలపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

కొలత

మందు సీసా మీద మోతాదు లీటర్ల లెక్కన ఉంటుంది. అంగడివాడు చెప్పిన తొట్టి సైజు ఆ లెక్కకు పనికిరాదు. పొడవు, వెడల్పు, నీళ్ల ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో భాగించండి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. గులకరాళ్లు, బొమ్మలు పోగా 48 అనుకోండి.

అదే తొట్టిలో వైట్ స్పాట్‌కు ఉప్పు వాడాలంటే లీటరుకు 3 గ్రాములు, అంటే 144 గ్రాములు. తూకం వేయండి, చెంచా లెక్క వద్దు. పొడి ఉప్పుకూ కళ్లుప్పుకూ చెంచాలో బరువు ఒకటి కాదు. గడ్డకట్టకుండా మందు కలిపిన ఉప్పు వద్దు. 48 గ్రాముల చొప్పున మూడు విడతలు, మధ్య 12 గంటలు ఎడం ఇచ్చి, వేరే పాత్రలో కరిగించి పోయండి. ఆవిరైన నీళ్లకు బదులు ఉత్త నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. 12 లీటర్లు తీసి మారిస్తే మాత్రం 36 గ్రాములు తిరిగి కలపాలి. మొక్కలుంటే ముందే తీసేయండి. ఫిల్టర్లో జియోలైట్ (అమ్మోనియాను పీల్చే రాయి) ఉంటే అదీ తప్పకుండా తీయాలి: ఉప్పు తగిలిందా, అంతవరకూ పట్టి ఉంచిన అమ్మోనియానంతా నీళ్లలోకి వదిలేస్తుంది.

వైట్ స్పాట్‌లో చుక్కలు మాయమవగానే వైద్యం ఆపేస్తారు, అది తప్పు. చేప చర్మం కింద ఉన్నప్పుడు ఆ జీవికి ఏ మందూ తగలదు. రాలి అడుగున తిత్తి కట్టుకున్నప్పుడూ తగలదు. తిత్తి పగిలి పిల్లలు ఈదుతూ చేపను వెతుక్కునే ఆ కొద్ది గంటలే మందు పనిచేసే సమయం. నీళ్లు 25 డిగ్రీలుంటే ఈ చుట్టు వారంలోపే తిరుగుతుంది, చల్లని నీళ్లలో వారాలు పడుతుంది. ఆఖరి చుక్క పోయాక ఇంకో వారమైనా కొనసాగించండి. తిత్తులు అడుగు రాళ్లలో ఉంటాయి కాబట్టి జబ్బు చేపను ఒక్కదాన్నే బయటికి తీసి లాభం లేదు, తొట్టి మొత్తానికీ వైద్యం చేయాలి.

ఒక్క చేపకే వచ్చిన జబ్బుకు మాత్రం 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టరు, మూత చాలు. అడుగున రాళ్లు వద్దు. ఆ స్పాంజిని మామూలు రోజుల్లోనే పెద్ద తొట్టిలో నడుపుతూ ఉంచుకుంటే అవసరానికి అమ్మోనియాను విరిచే మంచి బాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. మిథిలీన్ బ్లూ అనే నీలం మందును టబ్బులోనే వాడండి. పెద్ద తొట్టిలో పోస్తే ఫిల్టరు బాక్టీరియా చచ్చిపోతుంది, అద్దాల మధ్య సిలికాన్ నీలం పట్టి మళ్లీ వదలదు. టబ్బులోనూ అదే జరుగుతుంది కాబట్టి రోజూ అమ్మోనియా చూసి నీళ్లు మార్చుకోవాలి. వల, బకెట్, గొట్టం దీనికి వేరే.

మందు వేసే రోజు

ఫిల్టర్లోంచి బొగ్గు తీసేయండి, లేకపోతే మందును అదే తాగేస్తుంది. యూవీ దీపం ఉంటే ఆపండి. ఎయిర్ పంపు పూర్తిగా తెరవండి; ఫార్మలిన్ ఉన్న మందులు నీళ్లలో ప్రాణవాయువును తగ్గిస్తాయి. ఫార్మలిన్ సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటే వాడకండి, ఆ తెలుపు చేపకు మరింత విషం. ఒకసారి ఒకే మందు. పొద్దున వేయండి, రాత్రి పడుకోబోతూ వద్దు, మొదటి గంట దగ్గర కూర్చుని చూసేవాళ్లుండాలి. చేప పక్కకు ఒరిగినా, పైకొచ్చి గసపోసినా వెంటనే సగం నీళ్లు మార్చి బొగ్గు తిరిగి పెట్టండి.

మలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందు చేతికి అంటకూడదు, గ్లవుజులు వేసుకోండి. చేతికి గాయముంటే తొట్టిలో పెట్టొద్దు. మైకోబాక్టీరియం మారినమ్ అనే క్రిమి చేపల నీళ్ల నుంచి మన చర్మంలోకి వస్తుంది, ఆ పుండ్లు మానడానికి నెలలు పడుతుంది. గొట్టంతో నీళ్లు లాగేటప్పుడు నోరు పెట్టకండి.

వైద్యం అయ్యాక నీళ్లు మార్చి, కొత్త బొగ్గు ఒకటి రెండు రోజులుంచి తీసేయండి. ఫిల్టరు బాక్టీరియా దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి వారం పాటు మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి.