ఇంట్లో సైకిలుకి క్లిప్పు షూ కొనాలా, బుట్ట పెడల్ చాలా?

జులై వచ్చిందంటే మా అమలాపురం వైపు కాలవ గట్ల మీద సైకిలు తొక్కడం జరిగే పని కాదండి. కింద బురద, పైన వాన, అది తగ్గితే ఉక్కపోత. అందుకే ఈమధ్య మా వీధిలోనే మూడు నాలుగిళ్లల్లో హాల్లో ఎక్సర్‌సైజ్ బైకులు కనబడుతున్నాయి. కొన్న నెల లోపే అందరూ అడిగేది ఒకటే: వీడియోల్లో వాళ్లందరూ టక్కుమని పెడల్‌కి తగిలించుకునే షూ వేసుకుంటున్నారు, మనమూ కొనాలా, లేక బైకుతో వచ్చిన, పాదం దూర్చి స్ట్రాప్ బిగించుకునే బుట్ట పెడల్ చాలా?

నేను రెండూ వాడాను. ఒక్క బైకు మీద ఇంట్లో నలుగురూ ఎక్కుతారు, ఎవరెక్కినా కూర్చుని అరగంట తొక్కి దిగిపోతారు అంటే, కొనద్దు. వారానికి నాలుగు రోజులు గంటేసి కూర్చుంటారా, నిలబడి గట్టిగా తొక్కుతారా, అప్పుడు కొనండి, తేడా తెలుస్తుంది. క్లిప్పు షూతో కాలు పైకి లాగి కూడా బలం వస్తుందని చెబుతారు గానీ, అసలు బలమంతా కిందికి తొక్కినప్పుడే. షూ వల్ల వచ్చే లాభం ఏంటంటే కాలు జారదు, ఎంత వేగంగా తొక్కినా పాదం ఒకే చోట ఉంటుంది, అడుగు గట్టిగా ఉండడం వల్ల అరికాలు మొద్దుబారదు.

చాలామందికి ఇబ్బంది బుట్ట వల్ల కాదు, హవాయి చెప్పుల వల్ల. ఇంట్లోనే కదా అని చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో ఎక్కేస్తారు, పది నిమిషాలకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెడల్ మంచిది కాదంటారు. అడుగు వంగని పాత స్పోర్ట్స్ షూ ఒకటి కడిగి బైకు పక్కనే పెట్టుకోండి. మా అమ్మకి ఇంట్లో షూ అంటే పడదు, బైకేమో దేవుడి గదికి నాలుగడుగుల్లో ఉంది. ఆ షూ గడప దాటకూడదు అన్న షరతు మీద ఒప్పుకుంది.

బుట్ట వాడడంలో కిటుకంటూ పెద్దగా లేదు. పాదంలో వెడల్పుగా ఉండే భాగం, అంటే వేళ్ల వెనక మెత్త, సరిగ్గా పెడల్ ఇరుసు మీదికి రావాలి, మడమ వైపు పాదంతో తొక్కకూడదు. స్ట్రాప్ ఒక వేలు దూరేంత వదులుగా బిగించి, మిగిలిన కొసని లోపలికి దోపండి, షూ లేసు కూడా అంతే, వేలాడితే పెడల్‌ని పట్టుకునే కడ్డీకి, అంటే క్రాంకుకి, చుట్టుకుంటుంది. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తక్కువైనవాళ్లు స్ట్రాప్ బిగువు కాలికి తెలియదు కాబట్టి, దిగాక పాదం ఓసారి చూసుకోవాలి.

ఒకటి మాత్రం రెండింటికీ వర్తిస్తుంది, నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా స్పిన్ బైకుల్లో మామూలు సైకిల్లా ఫ్రీవీల్ ఉండదు, బరువైన చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. ఓ రోజు మా ఆవిడ మూడు విజిల్స్ రాగానే కుక్కర్ ఆపమని చెప్పి మార్కెట్‌కి వెళ్లింది. మూడోది వినగానే కంగారుగా బుట్టలోంచి కాలు లాగేశాను. పెడల్ ఆగలేదు, ఒక చుట్టు తిరిగొచ్చి మోకాలి కింద ముందెముక మీద కొట్టింది, వారం రోజులు నీలంగా ఉంది. పప్పు కూడా మాడింది. ముందు బిగువు పెంచే రెసిస్టెన్స్ నాబ్‌ని కిందికి నొక్కి చక్రం ఆపాలి, ఆ తర్వాతే కాలు తియ్యాలి.

సరే, క్లిప్పు షూయే కావాలనుకున్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే వీటినే ‘క్లిప్‌లెస్’ అంటారు, కంగారు పడకండి. పాత రేసు సైకిళ్ల బుట్టని టో క్లిప్ అనేవారు, అది లేని పెడల్ కాబట్టి క్లిప్‌లెస్. 1984లో లుక్ అనే ఫ్రెంచి కంపెనీ మంచు మీద జారే స్కీ బూట్ల పట్టీ చూసి చేసిన పెడల్‌తో ఇది ఊపందుకుంది, మరుసటి ఏడాదే ఫ్రెంచి రేసర్ బెర్నార్ ఇనో దానితో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాడు.

షూ అడుగున బిగించే ముక్కని క్లీట్ అంటారు. రెండు బోల్టులది, మూడు బోల్టులది అని రెండు రకాలు. రెండు బోల్టుల క్లీట్, అంటే ఎస్పీడీ అనే రకం, చాలా షూల్లో అడుగు లోపలికి దిగి ఉంటుంది, గ్రానైట్ గచ్చు మీద నడవచ్చు. మూడు బోల్టులది బయటికి పొడుచుకొస్తుంది, తడి టైల్స్ మీద దాంతో నడిచారా, నడుము జాగ్రత్త. మా బంధువులబ్బాయి అమెరికా నుంచి వస్తూ ప్రేమగా ఓ జత తెచ్చాడు, అక్కడి పెలొటాన్ కంపెనీ ఎక్సర్‌సైజ్ బైకుకి సరిపడే మూడు బోల్టుల డెల్టా రకం. నా పెడల్ రెండు బోల్టులది. ఆ షూ ఇప్పటికీ అటక మీదే ఉంది. కాబట్టి ముందు పెడల్ చూసుకుని ఆ తర్వాత షూ కొనండి. క్లీట్లు సాధారణంగా పెడల్ పెట్టెలోనే వస్తాయి, షూ పెట్టెలో కాదు.

సైజు సాయంత్రం పూట చూసుకోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. సైకిలు షూలు ముందు భాగంలో ఇరుకు, చిన్నప్పట్నుంచీ చెప్పులతో తిరిగిన మన వెడల్పు పాదాలకి మామూలు సైజు పట్టేస్తుంది. వేళ్లు కదలకపోతే ఒక సైజు పెద్దది తీసుకోండి.

క్లీట్ బిగించేటప్పుడు షూ వేసుకుని, బొటనవేలి మొదట్లో ఎముక, చిటికెనవేలి మొదట్లో ఎముక ఎక్కడున్నాయో తడిమి పెన్నుతో గుర్తు పెట్టండి. క్లీట్ ఆ రెండు గుర్తుల మధ్యకి వస్తుంది, సన్నటి కొన వేళ్ల వైపు. బోల్టుకి చుక్క గ్రీజు రాసి, 4 ఎంఎం అలెన్ కీతో బిగించండి, రెండు మూడు సార్లు తొక్కాక మళ్లీ బిగించండి. పాదాలు సహజంగా కాస్త బయటికి తిరిగి ఉండేవాళ్లు క్లీట్‌నీ ఆ కోణానికే పెట్టుకోవాలి, బలవంతంగా తిన్నగా పెడితే మొదట మొరాయించేది మోకాలే.

మొదటి రోజు స్ప్రింగ్ బిగువు బాగా తగ్గించండి, పెడల్ మీద చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది, మైనస్ గుర్తు వైపు తిప్పాలి. తగిలించడానికి వేళ్ల వైపు ముందుగా పెట్టి కిందికి నొక్కాలి, తియ్యడానికి మడమని బయటికి తిప్పాలి. పైకి లాగితే రాదు. చక్రం ఆపేసి ఒక్కో కాలితో ఇరవై సార్లు తగిలించి తియ్యండి, ఆ తర్వాతే తొక్కండి.

పెడళ్లు మార్చాలంటే 15 నంబరు సన్నటి పానా కావాలి. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, ఇది తెలియక బలం పెట్టి మర కోసేసుకున్నవాళ్లు ఉన్నారు. పానా నిలువుగా పైకి పెట్టి, ఏ వైపు పెడలైనా సీటు వైపుకి లాగితే ఊడుతుంది, హ్యాండిల్ వైపుకి నెడితే బిగుస్తుంది. మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కించండి. మర 9/16 అంగుళాలదేనా అని కొనకముందే చూసుకోండి, చవక బైకుల్లో 1/2 కూడా ఉంటుంది.

మా ఇంట్లో చివరికి పెట్టింది ఒక వైపు ఎస్పీడీ, మరో వైపు బుట్ట ఉన్న పెడల్. నేను షూతో ఒక వైపు, మా ఆవిడా పిల్లలూ రెండో వైపు. కాస్త ఖరీదెక్కువే గానీ గొడవ లేదు. మన గాలిలో తేమకి, అంతర్వేది వైపైతే ఉప్పుగాలికి కూడా, స్ప్రింగులు తుప్పు పడతాయి, చెమట కారిన రోజు పొడిగుడ్డతో తుడిచి వారానికోసారి చుక్క నూనె వెయ్యండి. షూ మాత్రం ఎండలో పెట్టొద్దు, అంటించిన అడుగు ఊడొస్తుంది, లోపల పాత పేపరు ఉండ చేసి కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి.