క్యాష్ ఫ్లో కలవడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే బెంగళూరు ఆడిటర్ల ఆఫీసుల్లో దీపాలు ఆరవు. వార్షిక సర్వసభ్య సమావేశాల గడువు తరుముకొస్తుంటుంది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి సీఏ చదువులోని శిక్షణ అయిన ఆర్టికల్‌షిప్‌కు వచ్చి మల్లేశ్వరంలోని మా ఆఫీసులో పనిచేసే పిల్లలు ఆ రోజుల్లో క్యాష్ ఫ్లో గురించి, అంటే ఏడాదిలో నగదు ఎలా వచ్చి ఎలా పోయిందో చూపే నివేదిక గురించి, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "సార్, బ్యాలెన్స్ షీట్ కలిసింది. క్యాష్ ఫ్లోలో మాత్రం 2,40,000 తేడా వస్తోంది. 'ఇతరాలు' కింద వేసేయమంటారా?"

వద్దు. ఎన్ని గంటలు పట్టినా వద్దు. ఆ తేడా ఏదో ఒక ఎంట్రీ వదిలి వెళ్లిన అడుగుజాడ. దాన్ని ఇతరాల్లో కప్పెడితే ఆ ఎంట్రీ ఇక దొరకదు, వచ్చే ఏడాది పాత సంవత్సరం అంకెల్లో మళ్లీ తలెత్తుతుంది.

బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా కలిసిందంటే, నగదు తప్ప మిగతా పద్దులన్నిటిలో వచ్చిన మార్పుల నికర మొత్తం నగదులో వచ్చిన మార్పుకు సమానం అయి తీరాలి. కాలేదంటే ఏదో ఒక పద్దును వదిలేశాం, లేదా రెండుసార్లు తీసుకున్నాం, లేదా కూడవలసిన చోట తీసేశాం, లేదా అంకె తప్పుగా ఎక్కించాం. ఐదో కారణం ఉండదు. అందుకే ముందుగా ఒక పట్టిక వేసుకోమంటాను. బ్యాలెన్స్ షీట్‌లోని ప్రతి పద్దుకూ ఒక వరుస, పోయిన ఏడాది అంకె, ఈ ఏడాది అంకె, తేడా, ఆ తేడా నివేదికలోని నిర్వహణ (రోజువారీ వ్యాపారం), పెట్టుబడి (ఆస్తుల కొనుగోలు, అమ్మకం), ఆర్థిక (అప్పులు, మూలధనం) కార్యకలాపాల్లో ఎక్కడికి వెళ్లింది. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసే చాలాసార్లు దొంగ.

తేడా సరి సంఖ్య, సగం చేస్తే తెలిసిన అంకె

2,40,000లో సగం 1,20,000. సరిగ్గా అంతే మారిన పద్దు కోసం వెతకండి. మా పిల్లవాడి విషయంలో అది ముందుగా కట్టిన బీమా ప్రీమియం. ఆ ఆస్తి పెరిగింది కాబట్టి తీసివేయాలి, అతను కూడాడు. గుర్తు తిరగబడితే తేడా ఎప్పుడూ రెట్టింపై కనిపిస్తుంది. గోదాములో సరుకు పెరిగిందంటే గల్లాపెట్టెలో అంత తగ్గినట్టు, సరఫరాదారుకు బాకీ పెరిగిందంటే ఆ మేరకు డబ్బు ఇంకా మన దగ్గరే ఉన్నట్టు. ఈ ఒక్క మాట పట్టుకుంటే గుర్తులు తప్పవు. తేడాను 9 నిశ్శేషంగా భాగిస్తే మాత్రం పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 54ను 45గా రాయడం లాంటివి అన్నమాట.

చివరి నగదు బ్యాంకు నిల్వతో సరిపోవడం లేదు

ఇక్కడ కారణం సాధారణంగా ఫిక్స్‌డ్ డిపాజిట్. నగదుతో సమానంగా చూడాలంటే ఆ డిపాజిట్ తీసుకున్న రోజు నుంచి గడువు మూడు నెలలకు మించకూడదు. ఏడాది డిపాజిట్ మార్చి 31 నాటికి ఇంకా రెండు నెలల్లో తీరుతుందని నగదులో కలిపేస్తుంటారు. అది తప్పు. లెక్క తీసుకున్న రోజు నుంచి మొదలవుతుంది, బ్యాలెన్స్ షీట్ తేదీ నుంచి కాదు. బ్యాంకు గ్యారంటీ కోసం మార్జిన్‌గా ఉంచిన డబ్బు కూడా మన ఇష్టప్రకారం వాడుకోలేనిదే. ఈ రెండింటినీ నగదులోంచి తీసి, వాటి మార్పును పెట్టుబడి కార్యకలాపాల్లో చూపండి.

రెండో కారణం ఓవర్‌డ్రాఫ్ట్, క్యాష్ క్రెడిట్ ఖాతాలు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వీటిని 'బ్యాంకు ఓడీ' గ్రూపులో తెరవాలి. ఎవరో తొందరలో 'బ్యాంకు ఖాతాలు' గ్రూపులో తెరిస్తే అప్పు కాస్తా మైనస్ నగదై కూర్చుంటుంది. లెడ్జర్ గ్రూపు మార్చి, ఖాతా మార్పును అప్పుల కింద చూపండి. ఇండ్ ఏఎస్ 7 అనే అకౌంటింగ్ ప్రమాణాన్ని పాటించే కంపెనీల్లో, అడగగానే తీర్చవలసినదై, రోజువారీ నగదు నిర్వహణలో విడదీయరాని భాగమైన ఓవర్‌డ్రాఫ్ట్‌ను నగదులో కలపాలి. అది ఆ ప్రమాణంలోని నియమం, అందరికీ కాదు.

టాలీలో కనిపించే క్యాష్ ఫ్లో రిపోర్టును ప్రింట్ తీసి ఇదే నివేదిక అని ఇచ్చేవారూ ఉన్నారు. అది గ్రూపుల వారీగా వచ్చిన డబ్బు, పోయిన డబ్బు. నిర్వహణ, పెట్టుబడి, ఆర్థిక కార్యకలాపాలుగా విడదీసేది ఏఎస్ 3 అకౌంటింగ్ ప్రమాణం కోరే నివేదిక. రెండూ ఒకటి కావు.

మొత్తం కలిసింది, అయినా తప్పు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. తేడా లేదు కాబట్టి ఎవరూ మళ్లీ చూడరు. పీణ్యా పారిశ్రామికవాడలో గేర్లు తయారుచేసే ఒక కంపెనీ లెక్కతో చెబుతాను. అర్థమయ్యేందుకు అంకెలు సర్దాను, అన్నీ లక్షల్లో.

స్థిరాస్తుల మొత్తం విలువ ఏడాది మొదట 240, చివర 295. కాబట్టి 55 లక్షల యంత్రాలు కొన్నారని రాసేశాడు మా కుర్రవాడు. కానీ ఆ ఏడాదే ఒక పాత లేత్ యంత్రాన్ని అమ్మారు. కొన్న ధర 20, అప్పటిదాకా పోగైన తరుగుదల 14, పుస్తక విలువ 6, వచ్చిన డబ్బు 8. అమ్మినదాని 20 లక్షలు మొత్తంలోంచి పోయాయి కనుక కొత్తగా కొన్నది 295లోంచి 240 తీసి 20 కలిపితే వచ్చే 75. తరుగుదల కూడా ఇలాగే. పోగైన తరుగుదల 90 నుంచి 104కు పెరిగినా, అమ్మిన యంత్రానిది 14 కలపాలి కాబట్టి ఈ ఏడాది తరుగుదల 28. అమ్మకంలో వచ్చిన 8 లక్షలూ పెట్టుబడి కార్యకలాపాల్లోకి వెళ్తాయి, అందులోని 2 లక్షల లాభాన్ని నిర్వహణలోంచి తీసేయాలి. తీయకపోతే అదే డబ్బు రెండు చోట్ల లెక్కకు వస్తుంది.

అసలు పొరపాటు దీని తర్వాత ఉంది. ఆ 75లో 12 లక్షలు మార్చి 31 నాటికి యంత్రం అమ్మినవారికి ఇంకా ఇవ్వలేదు. ఆ బాకీ ముడిసరుకు సరఫరాదారుల బాకీలతో కలిసిపోయింది. అలా వదిలేస్తే నిర్వహణ నగదు 12 పెరుగుతుంది, పెట్టుబడిలో ఖర్చు 63కు బదులు 75గా కనబడుతుంది. కూడితే మొత్తం చక్కగా కలుస్తుంది. కానీ 23 ఉండవలసిన నిర్వహణ నగదు 35గా తేలుతుంది. అప్పు ఇచ్చే బ్యాంకు మేనేజరు మొదట చూసే అంకె అదే.

పరిష్కారం కష్టమైనది కాదు. మార్చి నెలాఖరున ఉన్న బాకీల జాబితాను పేరు పేరునా చదవండి. యంత్రాలు, భవనాలు, ఫర్నిచర్ అమ్మినవారి బాకీలను విడిగా తీసి, వాటి మార్పును కొనుగోలు మొత్తంలో సర్దండి.

"లాభం 60 లక్షలంటావు, డబ్బు ఏదయ్యా?"

అదే కంపెనీ యజమాని అడిగిన మాట ఇది. హిందూపురం నుంచి వచ్చి పీణ్యాలో ఒక షెడ్డుతో మొదలుపెట్టిన పెద్దమనిషి. జీతాలకు బ్యాంకు ముఖం చూడవలసి వచ్చిన రోజున అడిగారు. చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు 2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(40) క్యాష్ ఫ్లో నివేదిక నుంచి మినహాయింపు ఇచ్చింది. అయినా నేను ఆయనకు వేసి చూపించాను, ఎందుకంటే ఆయన ప్రశ్నకు జవాబు లాభనష్టాల ఖాతాలో దొరకదు.

పన్నుకు ముందు లాభం 60. నగదు బయటికి పోని తరుగుదల 28, తర్వాత అప్పుల దగ్గర చూపే వడ్డీ 14 కలిపి, యంత్రం మీది లాభం 2 తీస్తే 100. ఖాతాదారుల నుంచి రావలసిన బాకీ 46 పెరిగింది, సరుకు నిల్వ 21 పెరిగింది, సరఫరాదారులకు మనం ఇవ్వవలసినది 7 పెరిగింది. మిగిలింది 40. పన్ను కట్టినది 17. నిర్వహణ నుంచి చేతికి వచ్చింది 23. యంత్రాలకు 63 పోయింది, పాతది అమ్మితే 8 వచ్చింది. కొత్త అప్పు 50, పాత అప్పు తీర్చినది 22, వడ్డీ 14. అన్నీ కలిపితే 18 తరుగు. ఏడాది మొదట ఉన్న 26 చివరకు 8 అయింది.

ఆయన 46 మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. "ఇది ఆ ఇద్దరిదే" అన్నారు. తొంభై రోజులు దాటినా డబ్బు ఇవ్వని ఇద్దరు ఖాతాదారులు. మర్నాడు వాళ్లకు సరుకు పంపడం ఆపారు. ఈ నివేదిక వేసేది ఇలాంటి క్షణం కోసమేనని నా నమ్మకం.

పన్ను వరుస మరీ చిన్నగా ఉంది

సేవలు అందించే కంపెనీల్లో ఇది మామూలు. పది లక్షల బిల్లులో ఖాతాదారు లక్ష టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కోసి తొమ్మిదే ఇచ్చాడనుకోండి. ఆ లక్ష 'ఇతర ప్రస్తుత ఆస్తులు' కింద కూర్చుని వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఆస్తులు, బాకీల) మార్పులో కలిసిపోతుంది. పన్ను వరుసలో ముందస్తు పన్ను ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి ఆ లక్ష మన తరఫున కట్టిన పన్నే, కట్టిన పన్నుగానే చూపాలి. ఏడాది మొదట ఉన్న నికర పన్ను బాకీకి ఈ ఏడాది ప్రస్తుత పన్ను కలిపి, చివరి బాకీ తీయండి. వచ్చిన అంకెను చలాన్లు, ఆదాయపు పన్ను పోర్టల్‌లోని టీడీఎస్ మొత్తంతో సరిచూడండి. డెఫర్డ్ ట్యాక్స్ (తర్వాతి ఏళ్లకు వాయిదా పడి, ఇప్పుడు పుస్తకాల్లో మాత్రమే ఉండే పన్ను) జోలికి వెళ్లవద్దు. పన్నుకు ముందు లాభంతో మొదలుపెట్టాం కనుక దానికి ఇక్కడ చోటే లేదు.

కట్టిన వాయిదాల కంటే ఎక్కువ అప్పు తీర్చినట్టు వస్తోంది

దీర్ఘకాలిక అప్పు పద్దు ఒక్కదాన్నే చూశారన్నమాట. వచ్చే ఏడాదిలోపు కట్టవలసిన వాయిదాలు ఆ పద్దులోంచి జరిగి స్వల్పకాలిక అప్పుల్లోకి వెళ్తాయి. 2021 మార్చిలో కంపెనీల చట్టంలో బ్యాలెన్స్ షీట్ నమూనా ఇచ్చే షెడ్యూల్ 3ను సవరించాక అవి అక్కడే కనిపిస్తున్నాయి, అంతకుముందు ఇతర ప్రస్తుత బాధ్యతల్లో ఉండేవి. రెండింటినీ కలిపి చూసి, బ్యాంకు రుణ ఖాతా స్టేట్‌మెంట్‌తో సరిపోల్చితే చాలు.

డాలరు ఖాతా ఉన్నచోట చిన్న తేడా

ఎలక్ట్రానిక్ సిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తరచూ ఎదురవుతుంది. ఖాతాలో 50,000 డాలర్లు ఏడాదంతా కదలకుండా ఉన్నాయి, రేటు 83 నుంచి 85కు పెరిగింది. పుస్తకాల్లో లక్ష రూపాయల లాభం, ఒక్క రూపాయి కూడా రాలేదు. దాన్ని లాభంలోంచి తీసి, నివేదిక చివర మారకపు రేటు ప్రభావంగా విడి వరుసలో చూపండి.

అన్నీ కలిశాయి, కానీ డబ్బు నిజంగా ఉందా

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ తెలుగువారిలో లెక్కల పని చేసేవాళ్లెవరూ మరచిపోలేదు. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. కాగితం మీద అంకెలన్నీ కలిసే ఉన్నాయి.

అందుకే చివరి నగదు అంకెను చివరగా కాక మొదట పరీక్షించమంటాను. డిపాజిట్ల సగటు మొత్తానికి వచ్చిన వడ్డీ ఎంత శాతమో వేసి చూడండి. బ్యాంకు రేటుకు బాగా తక్కువగా ఉంటే ఎందుకో అడగండి. చేతిలో బోలెడు నగదు చూపుతూ ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తున్నా అడగండి. నిల్వ ధ్రువీకరణ కోరుతూ బ్యాంకుకు ఉత్తరం ఆడిటరే స్వయంగా పంపాలి. "నేను వెళ్లి తెచ్చిస్తాను సార్" అని కంపెనీ క్యాషియర్ ఎంత మర్యాదగా అన్నా వద్దనాలి. జవాబు బ్యాంకు నుంచి నేరుగా మన చేతికి వచ్చాకే ఆ ఆఖరి వరుస పక్కన టిక్కు పెట్టాలి.