హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సీసా మూత తీయకముందే

రాతిపొడిని, మట్టి నమూనాలను కరిగించి పరీక్షించే ప్రయోగశాలల్లో చాలాచోట్ల హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పని తప్పదు. బంగారాన్ని కరిగించే ద్రవరాజం కూడా సిలికా జోలికి పోదు. ఈ ఆమ్లం మాత్రం దాన్ని సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువుగా మార్చేస్తుంది. గాజులో ఉన్నదీ ప్రధానంగా సిలికాయే కాబట్టి గాజు బీకరు, గాజు పిపెట్టు ఆ బల్ల మీద ఉండకూడదు. పాలిథీన్ లేదా టెఫ్లాన్ పాత్రలే వాడాలి. విషవాయువులను బయటికి లాగేసే పెట్టె లాంటి పాత ఫ్యూమ్ హుడ్ అద్దం మీద ఎంత తుడిచినా పోని తెల్లని మసక కనిపిస్తే అది దుమ్ము కాకపోవచ్చు, ఈ ఆవిరి ఏళ్ల తరబడి అద్దాన్ని తిన్న గుర్తు.

నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోదు కాబట్టి పాఠ్యపుస్తకాలు దీన్ని బలహీన ఆమ్లాల్లో చేరుస్తాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది. విడిపోని అణువు చర్మం గుండా లోతుకు దూరి, అక్కడ ఫ్లోరైడును వదులుతుంది. అది ఒంట్లోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. 20 శాతం కంటే పలుచని ద్రావణం పడితే నొప్పి తెలియడానికి 24 గంటలు కూడా పట్టవచ్చు. నొప్పి లేదు కదా అని పని కొనసాగించడం కంటే పెద్ద తప్పు ఇందులో లేదు.

అందుకే ఒంట్లోని కాల్షియం జోలికి పోకుండా ఫ్లోరైడును పట్టేసే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ముందే చేతికందేచోట ఉండాలి, దాని గడువు తేదీ చూసుకోవాలి. జెల్ లేకపోతే ఆ రోజు పని ఆపేయండి, పైఅధికారి ఎంత తొందరపెట్టినా సరే. ఒంటరిగా అసలే చేయవద్దు. పలుచని రబ్బరు తొడుగులు చాలవు. నైట్రైల్ తొడుగుల మీద మందపాటి నియోప్రీన్ తొడుగులు వేసుకోవాలి. ముఖానికి షీల్డు, ఒంటికి ఆమ్లాన్ని తట్టుకునే ఏప్రాన్ ఉండాలి.

ఒలికితే అలవాటుగా ఇసుక చల్లకండి. ఇసుక కూడా సిలికాయే, విషవాయువు లేస్తుంది. కొద్దిగా ఒలికినప్పుడు సున్నపురాయి పొడి చల్లితే దాదాపు కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారుతుంది. బ్లీచింగ్ ద్రావణం తగిలితే క్లోరిన్ పుడుతుంది, ఇనుప డబ్బాలో పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. తుప్పు మరకలు పోగొట్టే కొన్ని ద్రావణాల్లో ఉండే అమ్మోనియం బైఫ్లోరైడు విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

చర్మం మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి, 5 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. తర్వాత తొడుగులు వేసుకున్న చేతులతో జెల్ రుద్దాలి, ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా ఆపకూడదు. కంట్లో పడితే జెల్ పెట్టవద్దు, నీళ్లతో కడుగుతూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆమ్లం పేరు, గాఢత కాగితం మీద రాసి వైద్యుడి చేతికివ్వండి. హైడ్రోక్లోరిక్ అని పొరబడి మామూలు కాలిన గాయంగా చూస్తే, కాల్షియం ఇవ్వాల్సిన సమయం చేజారుతుంది.