రిపీటర్‌కు చెవుడు వస్తే: ఏది చవకగా కొనొచ్చు, ఏది కొనకూడదు

సమస్య: హనుమకొండలో మా మేడ మీద హ్యామ్ రేడియో రిపీటర్ (సన్నటి సిగ్నల్‌ను విని, అదే సమయంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపేది) పెట్టాం. అందులో దగ్గరి స్టేషన్లు బాగానే వినిపించేవి. పరకాల, జనగామ వైపు నుంచి సన్నగా వచ్చే సిగ్నల్ మాత్రం ట్రాన్స్‌మిటర్ ఆన్ కాగానే తెగేది. అది ఆగగానే మళ్లీ వచ్చేది.

కారణం: మన ట్రాన్స్‌మిటరే మన రిసీవర్ చెవి మూస్తోంది. దీన్నే డీసెన్స్ అంటాం. హ్యామ్‌లు వాడే 2 మీటర్ల బ్యాండ్‌లో (144 మెగాహెర్ట్జ్ దగ్గర) రిపీటర్ వినే, పలికే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే యాంటెన్నా మీద ఆ రెండింటినీ విడదీసే పని డ్యూప్లెక్సర్ అనే ఫిల్టర్‌ది. చవకగా దొరికే టిఫిన్ బాక్స్ అంత డ్యూప్లెక్సర్లు దాదాపు 5 మెగాహెర్ట్జ్ తేడాకు చేసినవి. నేను మొదట అదే కొన్నాను, నెల రోజులు ట్యూన్ చేస్తూ కూర్చున్నాను. 600 కిలోహెర్ట్జ్‌కు పెద్ద క్యావిటీలే (లోపల కడ్డీతో ట్యూన్ చేసే లోహపు డబ్బాలు) కావాలి.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. యాంటెన్నా తీసి డ్యూప్లెక్సర్‌కు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను మింగేసే రెసిస్టర్) తగిలించండి. అప్పుడూ చెవుడు ఉంటే తప్పు డ్యూప్లెక్సర్‌ది, లేదా లోపలి జంపర్ కేబుళ్లది. పోతే తప్పు పైన, కేబుల్‌లోనో యాంటెన్నాలోనో ఉంది. ఈ పది నిమిషాల పని చేయకుండా డబ్బు పెట్టొద్దు.

సమస్య: పొద్దున బాగుండి, మే నెల మధ్యాహ్నం చెవుడు మొదలవుతుంది.

కారణం: వేడికి క్యావిటీ లోపలి కడ్డీ సాగి ట్యూనింగ్ పక్కకు తప్పుతుంది. వేడికి చాలా తక్కువగా సాగే ఇన్వార్ కడ్డీలున్న క్యావిటీలు ఖరీదే, కానీ మన వరంగల్ ఎండలకు ఆ ఖర్చు పెట్టాల్సిందే. పెట్టెకు నీడ కూడా కల్పించండి.

సమస్య: పవర్ బాగానే ఉంది, కవరేజీ మాత్రం లేదు.

కారణం: పవర్ కేబుల్‌లోనే పోతోంది. ఆర్‌జీ-58 అనే సన్నటి కేబుల్ 30 మీటర్లు వాడితే 25 వాట్లలో పైకి చేరేది సుమారు 6. అర అంగుళం హార్డ్‌లైన్‌తో (గట్టి లోహపు తొడుగున్న కేబుల్) దాదాపు 20 చేరతాయి. రేకు మీద అల్లిక ఉండే కేబుళ్లలో నష్టం తక్కువే అయినా, ఒకే కేబుల్ మీద ఒకేసారి వింటూ పంపుతుంటే (డ్యూప్లెక్స్) అవి గరగర పుట్టిస్తాయి. రిపీటర్‌కు వద్దు.

వాన తర్వాత గరగర మొదలైతే ముందు కనెక్టర్ విప్పి చూడండి. పీఎల్-259 రకం కనెక్టర్ నీళ్లను లోపలికి రాకుండా ఆపదు. ఎన్-టైప్ కనెక్టర్ వేసి, దాని మీద సాగి అతుక్కునే రబ్బర్ టేపు చుట్టండి.

ఫ్యాన్, పెట్టె, కంట్రోలర్ బోర్డు చవకవైనా ఫరవాలేదు. పాడైతే మేడ ఎక్కి ఒక గంటలో మార్చుకోవచ్చు.