మొబైల్ గేమింగ్‌ని కెరీర్‌గా చేసుకోవడం ఎలా? ప్రో ప్లేయర్ దారి, స్ట్రీమర్ దారి

ఆడేది అదే ఫోన్, అదే గేమ్ కాబట్టి ప్రో ప్లేయర్ అన్నా స్ట్రీమర్ అన్నా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదండి. ప్లేయర్ పని మ్యాచ్ గెలవడం, స్ట్రీమర్ పని జనాన్ని కూర్చోబెట్టడం. ప్లేయర్ అనవసరంగా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, టీమ్ కాల్స్‌కి అడ్డొస్తుంది. స్ట్రీమర్ చచ్చిపోయినా మాట్లాడుతూనే ఉండాలి (గేమ్‌లో అని లెండి). పైగా రెండు పనులకీ అదే టైమ్ కావాలి, స్క్రిమ్స్ (టీములు ఒకదాంతో ఒకటి ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్‌లు) పెట్టేది ఎక్కువగా సాయంత్రాలే, వ్యూయర్స్ ఖాళీగా ఉండేదీ అప్పుడే. పేరొచ్చాక రెండూ నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు గానీ, మొదట్లోనే రెండు పడవల మీద కాళ్లు పెడితే ర్యాంకూ రాదు, సబ్‌స్క్రైబర్లూ రారు.

1. ఏది మెయిన్, ఏది సైడ్ అనేది ముందు తేల్చుకోండి

దీనికి పెద్ద పరీక్షేం అక్కర్లేదు. ఓడిపోయిన మ్యాచ్ రికార్డింగ్ మళ్లీ పెట్టుకుని ఎక్కడ పోయిందో వెతకాలనిపిస్తుందా, లేక అందులో నవ్వొచ్చే ముక్క కట్ చేసి ఫ్రెండ్స్‌కి పంపాలనిపిస్తుందా? మొదటిదైతే ప్లేయర్ దారి, రెండోదైతే స్ట్రీమింగ్. చదువో ఉద్యోగమో ఉంటే అది ఆపకండి. ఇందులో మొదటి ఆదాయం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇంటి ఖర్చులు దీని మీద పెట్టుకుంటే ఆడేటప్పుడు బుర్ర గేమ్ మీద ఉండదు.

2. గేమ్ ఎంచుకోవడం

మీకు ఇష్టమైన గేమ్ అయితే చాలదు, ఆ గేమ్‌కి కంపెనీ స్వయంగా పెట్టే టోర్నమెంట్లు ఉన్నాయా, వాటిలోకి ఎవరైనా రిజిస్టర్ చేసుకునే ఓపెన్ క్వాలిఫయర్స్ ఉన్నాయా, దగ్గర్లో సర్వర్ ఉండి పింగ్ (మీరు నొక్కింది సర్వర్‌కి చేరడానికి పట్టే ఆలస్యం) తక్కువ వస్తుందా, ఇవి చూడాలి. పబ్జీ మొబైల్, ఫ్రీ ఫైర్, మొబైల్ లెజెండ్స్, హానర్ ఆఫ్ కింగ్స్, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ లాంటివాటికి ఈ మెట్లు ఇప్పటికే కట్టి ఉన్నాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి మొదటిసారి అఫీషియల్‌గా మెడల్స్ ఇచ్చారు, వాటిలో మొబైల్ గేమ్స్ కూడా ఉన్నాయి. 2024లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో అన్ని గేమ్స్‌కీ కలిపి ప్రైజ్ మనీ 6 కోట్ల డాలర్లు. ఆ అంకె చూసి ఊగిపోకండి, అక్కడిదాకా వెళ్లగలిగేది ప్రపంచం మొత్తంలో కొద్ది టీములే.

ఇంకో సంగతి, గేమ్ మీ సొంతం కాదు, కంపెనీది. ఏపెక్స్ లెజెండ్స్ మొబైల్ 2022 మేలో వచ్చింది, 2023 మే 1న సర్వర్లు మూసేశారు, దాని మీదే కూర్చున్నవాళ్లు అందరూ వేరే గేమ్ వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే మెయిన్ గేమ్ ఒకటి, అదే టైపులో చెయ్యి అలవాటున్న రెండోది ఒకటి పెట్టుకోండి, బ్యాటిల్ రాయల్ (చివరిదాకా బతికినవాళ్లే గెలిచే గేమ్) ఆడేవాళ్లు ఇంకో షూటర్, అలా.

3. ఫోన్

అన్నిటికంటే ఖరీదైన ఫోన్ కొనాలని రూలేం లేదు. చూడాల్సింది ఒకటే, గంట ఆడాక కూడా ఫ్రేమ్స్ (సెకనుకి మారే బొమ్మలు, అదే ఎఫ్‌పీఎస్) నిలబడుతున్నాయా లేదా అని. షాపులో ఐదు నిమిషాలు అన్ని ఫోన్లూ స్మూత్‌గానే ఉంటాయి. వేడెక్కగానే ప్రాసెసర్ తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది, అప్పుడు 90 ఎఫ్‌పీఎస్ కాస్తా 50కి పడిపోతుంది, సరిగ్గా మ్యాచ్ ముగిసే లాస్ట్ సర్కిల్‌లో. రివ్యూలు చూసేటప్పుడు ఆ లాంగ్ టెస్ట్ ఒక్కటి చూస్తే చాలు. గ్రాఫిక్స్ తగ్గించి ఫ్రేమ్ రేట్ పెంచుకోండి, కేస్ తీసేసి ఆడండి, వీలైతే ఛార్జింగ్ పెట్టి ఆడొద్దు.

ప్లేయర్ అవుదామనుకునేవాళ్లు ట్యాబ్ మీద ప్రాక్టీస్ చెయ్యకపోవడమే మంచిది. పెద్ద స్క్రీన్‌లో కొన్ని గేమ్స్‌లో చుట్టూ ఎక్కువ కనపడుతుంది, బాగానే ఉంటుంది, కానీ చాలా టోర్నమెంట్లలో ట్యాబ్‌లు, ట్రిగ్గర్లు (ఫోన్‌కి తగిలించే బటన్లు), ఎమ్యులేటర్లు (కంప్యూటర్‌లో ఫోన్ గేమ్ ఆడించే సాఫ్ట్‌వేర్) నిషేధం. తీరా క్వాలిఫయర్ వచ్చాక చిన్న స్క్రీన్‌కి మారితే ఎయిమ్ మొత్తం తేడా కొడుతుంది.

4. ప్లేయర్ దారి: ర్యాంక్ వేరు, పాయింట్లు వేరు

పబ్జీ మొబైల్ పోటీలనే తీసుకోండి. ఒక లాబీలో (అంటే ఒక మ్యాచ్‌లో) 16 టీములు, టీమ్‌కి నలుగురు, మొత్తం 64 మంది. మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, తర్వాత 5, అలా తగ్గుకుంటూ పోతుంది, కిల్‌కి 1 పాయింట్. అంటే మామూలుగా అందరూ ఆడే క్లాసిక్ మ్యాచ్‌లో లాగా కనపడిన ప్రతివాడి మీదికీ ఎగబడితే మూడు కిల్స్ కొట్టి పదమూడో స్థానంలో బయటికొస్తారు, చేతిలో 3 పాయింట్లు. ర్యాంక్ పుష్‌లో (గేమ్‌లో ర్యాంక్ పెంచుకోడానికి ఆడేటప్పుడు) దుమ్ము లేపినవాళ్లు మొదటిసారి స్క్రిమ్స్‌కి వచ్చి బిత్తరపోయేది ఇందుకే, అక్కడ ఎవడూ ఊరికే బయట తిరగడు.

కాబట్టి ప్రాక్టీస్‌ని మూడు ముక్కలు చెయ్యండి. రోజూ కాసేపు ట్రైనింగ్ గ్రౌండ్‌లో స్ప్రే (ఆపకుండా కాల్చడం), గైరో (ఫోన్ వంచి గురి పెట్టడం), క్లోజ్ రేంజ్ (వేలు కదిపితే గురి ఎంత కదలాలో చెప్పే సెన్సిటివిటీ కోడ్‌లు యూట్యూబ్‌లో చూసి రోజుకొకటి మార్చే అలవాటు మానండి, ఒకటి సెట్ చేసుకుని కొన్ని వారాలు దాని మీదే ఉంటేనే చెయ్యి పడుతుంది). తర్వాత టీమ్‌తో స్క్రిమ్స్. మూడోది చాలామంది ఎగ్గొట్టేది, రికార్డింగ్ చూడటం.

రికార్డింగ్ ఎలా చూడాలంటే, చచ్చిపోయిన చోట ఆపకండి, అక్కడ్నుంచి ఒక ముప్పై, నలభై సెకన్లు వెనక్కి వెళ్లండి. ఉదాహరణకి కొండ దిగుతుంటే ఎడమ పక్క ఇంట్లోంచి కొట్టారనుకోండి. ఎయిమ్ స్లో అయింది అని మీకు అనిపిస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఆ ఇంటి తలుపు అప్పటికే తెరిచి ఉంది, టీమ్‌మేట్ ఒకసారి స్టెప్స్ వినపడుతున్నాయ్ అన్నాడు కూడా, మీరు అప్పుడు బ్యాగ్ ఓపెన్ చేసి అటాచ్‌మెంట్లు సర్దుకుంటున్నారు. ఇక అది ఎయిమ్ సమస్య ఎందుకవుతుంది, లూట్ సర్దుకోడానికి టైమ్ సరిగ్గా ఎంచుకోలేదు అంతే. ఇలా ఒక్కో చావుకీ ఒక్క లైన్ రాసి పెట్టుకుంటే వారం తిరిగేసరికి అదే లైన్ మళ్లీ మళ్లీ కనపడుతుంది, మీ తర్వాతి వారం ప్రాక్టీస్ అదే.

టీమ్ విషయానికొస్తే ఎదురెళ్లి కొట్టే మంచి ఎసాల్టర్లు నలుగురు కలిస్తే టీమ్ అవ్వదు. ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్, మ్యాచ్‌లో నిర్ణయాలు చెప్పేవాడు) ఒకడుండాలి, వాడి కాల్ తప్పయినా మ్యాచ్ అయ్యేదాకా వినాలి, గొడవ తర్వాత పెట్టుకోండి. మొదట ఫ్రీ స్క్రిమ్స్, చిన్న కస్టమ్స్ (ఎవరో రూమ్ పెట్టి నడిపే చిన్న పోటీలు), అక్కడ పేరు వినపడితే పై టైర్ స్క్రిమ్స్‌లో స్లాట్, ఆ పైన ఓపెన్ క్వాలిఫయర్స్. రూల్‌బుక్ పూర్తిగా చదవండి, కనీస వయసు ఎంత, పీఓవీ రికార్డింగ్ (మీ స్క్రీన్‌ది), హ్యాండ్‌క్యామ్ (ఆడే చేతుల వీడియో) అడుగుతారా అని. రికార్డింగ్ ఇవ్వలేక డిస్‌క్వాలిఫై అయ్యే టీములు ఉంటాయి, ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందంట!

5. స్ట్రీమర్ దారి: సెటప్

యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, కంప్యూటర్ నుంచి అయితే ఆ లెక్క లేదు, ఛానెల్ వెరిఫై అయ్యుంటే చాలు. లైవ్ మొదటిసారి ఆన్ చేశాక యాక్టివేట్ అవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి ఈ రోజు రాత్రి స్ట్రీమ్ అని పోస్టర్ వేసేముందే అది చేసి పెట్టుకోండి. 2025 జూలై నుంచి 16 ఏళ్లలోపు వాళ్లు ఒంటరిగా లైవ్ పెట్టడానికి లేదు.

ఒక్క ఫోన్‌తోనే ఆడుతూ స్ట్రీమ్ చెయ్యొచ్చు, యాప్స్ ఉన్నాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి గేమ్ లోపలి సౌండ్ కూడా స్ట్రీమ్‌కి వెళ్తుంది. కానీ ఫోన్ బాగా వేడెక్కుతుంది, ఇంకా కొన్ని ఫోన్లలో గేమ్‌లో టీమ్ వాయిస్ ఆన్ చెయ్యగానే స్ట్రీమ్‌లో మీ మైక్ ఆగిపోతుంది. అందుకే లైవ్ పెట్టేముందు ప్రైవేట్‌గా పది నిమిషాలు పెట్టి, వేరే ఫోన్‌లో మీ స్ట్రీమ్ మీరే వినండి. కొంచెం కుదిరాక ఫోన్‌ని క్యాప్చర్ కార్డ్‌తో (ఫోన్ స్క్రీన్‌ని కంప్యూటర్‌కి పంపే పరికరం) కంప్యూటర్‌కి కలిపి ఓబీఎస్ స్టూడియోతో పంపడం మేలు, అది ఫ్రీ సాఫ్ట్‌వేరే. అయితే అన్ని ఫోన్ల సీ-టైప్ పోర్టూ వీడియో బయటికి ఇవ్వదు, కార్డ్ కొనేముందు మీ మోడల్ చూసుకోండి.

720పీ, 60 ఫ్రేమ్స్‌కి సుమారు 6 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) పడుతుంది, మీ అప్‌లోడ్ స్పీడ్ దానికి డబుల్ ఉంటే నిశ్చింత. డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోకండి, స్ట్రీమ్ వెళ్లేది అప్‌లోడ్‌లో. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు గానీ సౌండ్ బరబరమంటే ఉండరు, కాబట్టి డబ్బులుంటే ముందు మైక్. కస్టమ్ రూమ్స్ ఆడేటప్పుడు యూట్యూబ్‌లో 30 లేదా 60 సెకన్ల డిలే పెట్టండి, లేకపోతే మీ స్ట్రీమ్ చూసి మీ మీదికే వస్తారు. బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాటలు వద్దు, కాపీరైట్ సిస్టమ్ లైవ్‌ని మధ్యలోనే ఆపేయగలదు, 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానెలే పోవచ్చు.

6. ఎవరూ లేనప్పుడు కూడా మాట్లాడటం

ఇదే అసలు కష్టం. వ్యూయర్స్ సున్నా అని కనపడుతుంటే నోరు పెగలదు. ముందు ఆ కౌంట్ కనపడకుండా దాచేయండి. తర్వాత మీ బుర్రలో నడిచేది బయటికి అనండి, "జోన్ అటు పడింది, బ్రిడ్జి మీద ఎవడో ఉంటాడు, పడవలో పోదాం" అని, కొత్తగా వచ్చినవాడికి వెంటనే కథ అర్థమవుతుంది. చాట్‌లో పేరు కనపడితే పేరు పెట్టి పలకరించండి. వారంలో ఫిక్స్‌డ్ రోజులు, ఫిక్స్‌డ్ టైమ్ ఉండాలి. కొత్తవాళ్లు లైవ్ ద్వారా చాలా తక్కువ దొరుకుతారు, ఎక్కువమంది దొరికేది క్లిప్స్ ద్వారా, కాబట్టి ప్రతి స్ట్రీమ్ నుంచి రెండు మూడు షార్ట్స్ కట్ చెయ్యండి.

7. డబ్బులు

యూట్యూబ్‌లో 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 అప్‌లోడ్లు, ఏడాదిలో 3000 వాచ్ అవర్స్ (లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్) ఉంటే మెంబర్‌షిప్ (వ్యూయర్స్ నెలనెలా కట్టేది), సూపర్ చాట్ (లైవ్‌లో డబ్బిచ్చి పెట్టే మెసేజ్) తెరుచుకునే వీలుంటుంది. యాడ్స్ డబ్బులకి 1000 మంది, 4000 గంటలు లేదా 1 కోటి షార్ట్స్ వ్యూస్. మామూలు వీడియోలు, లైవ్‌ల యాడ్స్‌లో మీ వాటా 55 శాతం, సూపర్ చాట్‌లో 70 శాతం. లైవ్ అయిపోయాక ఆ వీడియోని డిలీట్ చేసినా, ప్రైవేట్‌లో పెట్టినా ఆ గంటలు లెక్కలోకి రావు, గుర్తుంచుకోండి.

ప్లేయర్‌కైతే జీతం, ప్రైజ్ మనీలో వాటా. ఇక్కడ కాంట్రాక్ట్ చదవకుండా సంతకం పెట్టొద్దు. ప్రైజ్‌లో ఎవరికెంత, మధ్యలో వదిలేస్తే బయౌట్ (విడిపోడానికి కట్టాల్సిన సొమ్ము) ఎంత, జీతం లేట్ అయితే ఏంటి, నెలకి ఎన్ని గంటలు స్ట్రీమ్ చెయ్యాలి, మీ ఛానెల్ ఎవరి పేరు మీద ఉంటుంది, ఈ ఐదూ కాగితం మీద ఉండాలి. మైనర్ అయితే అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని లాయర్‌కి చూపించండి.

స్పాన్సర్ అంటూ మెయిల్ వచ్చి అందులో ఫైల్ డౌన్‌లోడ్ చెయ్యమంటే అస్సలు తెరవకండి. బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయ్యున్న సెషన్‌నే ఎత్తుకుపోతారు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఉన్నా ఆపలేదు, ఛానెళ్లు పోయేది ఎక్కువగా ఇలాగే. బెట్టింగ్ యాప్స్ ప్రమోషన్ ఎంత ఇస్తామన్నా వద్దు. గేమ్ ఐడీ అమ్మడం, వేరేవాళ్ల ఐడీకి డబ్బులు తీసుకుని ర్యాంక్ పుష్ చెయ్యడం రెండూ బ్యాన్ తెచ్చేవే, ఆ బ్యాన్ టోర్నమెంట్ దాకా వెంటొస్తుంది.

8. వేళ్లు, మణికట్టు

వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టు నొప్పి మొదలైతే ఆట ఆపి డాక్టర్‌కి చూపించండి, నొప్పి స్ప్రే కొట్టుకుని ఆడేయడం కాదు. ప్రతి రెండు మూడు మ్యాచ్‌లకి లేచి నడవండి.

9. ప్లేయర్ అవ్వకపోతే?

టీములకి కోచ్, అనలిస్ట్, మేనేజర్ కావాలి, స్ట్రీమర్లకి ఎడిటర్, మోడరేటర్ కావాలి, టోర్నమెంట్లకి క్యాస్టర్ (కామెంటేటర్), అబ్జర్వర్ (ప్రసారంలో ఏ ప్లేయర్‌ని చూపించాలో ఎంచుకునేవాడు) కావాలి. వీటిలో క్యాస్టింగ్ ట్రై చెయ్యడం అన్నిటికంటే తేలిక. పాత టోర్నమెంట్ మ్యాచ్ ఒకటి మ్యూట్‌లో పెట్టుకుని మీరే కామెంటరీ చెప్పి రికార్డ్ చెయ్యండి, బాగా వచ్చిన ఐదు నిమిషాల ముక్క కట్ చేసి చిన్న కస్టమ్స్ పెట్టేవాళ్లకి పంపండి. వాళ్లకి ఫైనల్ రోజు క్యాస్టర్ ఎప్పుడూ తక్కువే.