లైవ్ రికార్డుల్లో పెడల్ స్టీల్ వినడం ఎలా

అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడి వెనక ఒక వాద్యం తీగలా సాగుతూ, ఒక్కోసారి ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. అదే పెడల్ స్టీల్ గిటార్. నేనుండే ఆస్టిన్‌లో ఈ సంగీతానికి 1964 నుంచి నడుస్తున్న బ్రోకెన్ స్పోక్ లాంటి డాన్స్ హాళ్లున్నాయి. చిన్నప్పుడు రాజమండ్రిలో వీణ నేర్చుకున్న దాన్ని కాబట్టి, పాట కన్నా ముందు నా చెవి ఆ జారుల మీదే పడింది. కొత్తగా వినేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ప్రతి స్వరం ఎలా మొదలైందో, ఎలా ఆగిందో వినండి. వాయించేవాళ్ల పనితనం ఆ రెండు చోట్లే బయటపడుతుంది. అందుకే లైవ్ రికార్డులు వినమంటాను. మనిషి అప్పటికప్పుడు ఏం చేశాడో వాటిలో బాగా తెలుస్తుంది.

ముందు వాద్యం సంగతి. కాళ్ల మీద నిలబడే బల్లలాంటి దాని మీద పది తీగలు ఉంటాయి. చాలామంది రెండు వరసలున్న వాద్యం వాయిస్తారు గానీ, కంట్రీ పాటల్లో మనం వినేది ఎక్కువగా ఇ స్వరం ఆధారంగా కట్టిన ‘ఇ9’ అనే శ్రుతి ఉన్న వరస. ఎడమ చేతిలో తీగల మీద ఆనించి జరిపే ఉక్కు బార్, కుడి బొటనవేలికీ రెండు వేళ్లకీ పిక్‌లు. ఎడమ పాదం పెడల్స్ తొక్కుతుంది, మోకాళ్లు పక్కనున్న లీవర్లని నెడతాయి, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది.

ఎడమ పాదం తొక్కే పెడల్స్ చేసే పని సంగీతం కొంచెం తెలిసిన తెలుగువాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఇ స్వరాన్ని షడ్జమం అనుకోండి. మూడు తీగల మీద స, అంతర గాంధారం, పంచమం మోగుతున్నాయి. మొదటి రెండు పెడల్స్ కలిపి తొక్కితే పంచమం తీగ బిగుసుకుని చతుశ్రుతి ధైవతం అవుతుంది, గాంధారం తీగ శుద్ధ మధ్యమం అవుతుంది. షడ్జమం మాత్రం కదలదు. అంటే స-గ-ప కాస్తా స-మ-ద అయింది, బార్ ఉన్నచోటే ఉంది. ఈ వాద్యంలోని దుఃఖమంతా నాకు ఇక్కడే ఉందనిపిస్తుంది: ఒక స్వరం నిలబడి ఉండగా పక్కవి రెండూ దాన్ని ఒరుసుకుంటూ పైకెక్కడం. అలా కాకుండా మూడూ కలిసి ఒకేసారి జారాయంటే అది బార్ పని. ఈ తేడా పట్టుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించండి. మిగతాదంతా దాని మీదే నిలుస్తుంది.

ఇప్పుడు రికార్డు. కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ బృందం 1966 మార్చి 25న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీతో మొదలుపెట్టండి. స్టీల్ టామ్ బ్రమ్లీది. ఫోన్ స్పీకర్లో వినకండి, కింది స్థాయి నాదమంతా పోయి స్టీల్ పీలగా వినిపిస్తుంది. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. డాన్ రిచ్ వాయించే టెలికాస్టర్ గిటార్ కూడా అదే పదునుతో మోగుతుంది కాబట్టి మొదట్లో రెండూ కలిసిపోతాయి. టెలికాస్టర్ మీటు టక్కున పడి త్వరగా తగ్గుతుంది. స్టీల్ నిలబడుతుంది, కొన్నిసార్లు మీటిన తర్వాత ఇంకా పెరుగుతుంది. ఆ పెరగడం కుడి పాదం పని. తీగ నాదం సన్నబడుతున్న కొద్దీ పాదం వాల్యూమ్ పెడల్‌ని ఇంకాస్త తొక్కుతుంది.

‘టుగెదర్ అగైన్’ పాటని 1964 స్టూడియో రికార్డులో ఒకసారి, కార్నెగీ హాల్‌లో ఒకసారి, వెంటవెంటనే వినండి. స్టీల్ వచ్చినప్పుడు మీ దృష్టంతా స్వరం మొదట్లో ఉంచండి. పిక్ తగిలిన చిన్న ‘టిక్’ వినిపిస్తే, మీటేటప్పటికే పాదం వాల్యూమ్ పెడల్‌ని తెరిచి ఉంచిందన్నమాట. టిక్ లేకుండా స్వరం ఎక్కడినుంచో ఉబికి వచ్చినట్టుంటే, ముందు మీటి తర్వాత ఆ పెడల్ తెరిచారు. మంచి వాద్యకారుడు ఈ రెంటినీ పాట మాటల్ని బట్టి మారుస్తాడు. ఎప్పుడూ ఉబికించే వాయింపు నాకు నచ్చదు, కొంతసేపటికి అన్ని పాటలూ ఒకేలా వినిపిస్తాయి.

ఇక ఆపడం. పిక్‌తో మీటిన తీగ ఊరికే ఆగదు. తర్వాతి స్వరానికి ముందు దాన్ని అణచాలి. కొందరు అరచేతి అంచు తీగల మీద ఆనించి ఆపుతారు, కొందరు తర్వాత మీటబోయే పిక్‌నే తీగ మీద ఆనిస్తారు. ఈ పని ఎంత పదునుగా చేయొచ్చో వినాలంటే స్టీల్ వాద్యకారుడు రాల్ఫ్ మూనీ. కంట్రీ గాయకుడు వేలన్ జెన్నింగ్స్ 1974లో మా ఆస్టిన్‌లోనే, టెక్సస్ ఆప్రీ హౌస్‌లో రికార్డు చేసిన ‘బాబ్ విల్స్ ఈజ్ స్టిల్ ద కింగ్’ వినండి. జనం కేకల మధ్య కూడా మూనీ స్వరాలు చిటపటమంటూ విడివిడిగా పడతాయి. బ్రమ్లీ ఒక స్వరాన్ని ఇంకో స్వరంలోకి నడిపిస్తే, మూనీ మధ్యలో చిన్న ఖాళీ వదులుతాడు. తాళం ఆ ఖాళీలోనే ఊగుతుంది. ఇద్దరినీ ఇలా పక్కపక్కన పెట్టి వింటే, నాదమంటే ఆంప్లిఫైయర్ ఒక్కటే కాదని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ప్రతిధ్వని విషయంలో చిన్న జాగ్రత్త. స్టీల్ వెనక వినిపించే మోత హాల్‌దో, ఆంప్లిఫైయర్ లోపల స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే స్ప్రింగ్ రివర్బ్‌దో తేల్చుకోవాలంటే, డ్రమ్స్‌లో టపటపమని మోగే స్నేర్ డ్రమ్ వినండి. డ్రమ్ పొడిగా ఉండి స్టీల్ ఒక్కటే తడిగా ఉంటే, అది చాలావరకు ఆంప్లిఫైయర్‌దే.

శ్రుతి గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మన చెవికి ముందే తయారీ ఉంది. పియానో గాంధారం సహజ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ. 100 సెంట్లయితే పియానోలో ఒక మెట్టు. చాలామంది స్టీల్ వాద్యకారులు గాంధారాన్ని ట్యూనర్ చూపించే చోటు కన్నా కొంచెం కిందికి దించి పెట్టుకుంటారు. మంచి తంబురాలో దానంతటదే పలికే అంతర గాంధారం ఉండేది అటువైపే. మూడు తీగలు కలిసి నిలిచినప్పుడు వచ్చే ఆ తీపికి ఇదొక పెద్ద కారణం.

పైగా వాద్యం మీద మెట్లుండవు, గీతలే ఉంటాయి. పెడల్ తొక్కితే వాద్యం చట్రం రవ్వంత వంగి మిగతా తీగల శ్రుతి కొద్దిగా జారుతుంది కూడా. అదంతా బార్ పట్టిన చెయ్యే సర్దుకోవాలి. పొడుగు స్వరం దొరికినప్పుడు చూడండి: బార్ ముందు నిటారుగా ఆగి, శ్రుతి కుదిరాక కంపనం మొదలైందా? లేక మొదటి క్షణం నుంచే ఊగుతోందా? మొదటిది కష్టం, శ్రుతి తప్పితే దాక్కోవడానికి చోటుండదు. అలా వాయించేవాళ్లంటే నాకు చెప్పలేనంత గౌరవం.

హాల్లో ప్రత్యక్షంగా వినే వీలు దొరికితే, వాద్యం కింద కాళ్లు కనిపించే చోటు చూసుకుని కూర్చోండి. మొదటి రెండు పాటలూ చేతుల వైపు చూడకండి, కుడి పాదాన్నే గమనించండి. ఇంటికొచ్చాక కార్నెగీ హాల్ రికార్డు మళ్లీ పెట్టుకుంటే, బ్రమ్లీ పాదం వాల్యూమ్ పెడల్‌ని ఎక్కడ తెరిచిందో ఎక్కడ మూసిందో మీ చెవే చెప్పేస్తుంది.